ధర్నా అయిపోయాక పార్కు ఏమైంది?

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం సాయంత్రం మా కాలనీ పార్కు గేటు ముందు నిలబడి నేనొక కవిత చదివాను. రెండొందల మందికి పైగా వచ్చారు. కొవ్వొత్తులు, ప్లకార్డులు, చెట్లకి రాఖీలు కట్టే పిల్లలు, ఎవరో ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన డప్పు. పార్కు స్థలంలో కార్పొరేషన్ వాళ్ళు ఫంక్షన్ హాలు కట్టించబోతున్నారని తెలిసి చేసిన ధర్నా అది. మర్నాడు రెండు పేపర్ల జిల్లా ఎడిషన్లలో ఫోటో పడింది. ఒకదాంట్లో నేను చెయ్యెత్తి ఉన్నాను. కమిషనరు గారు వినతిపత్రం తీసుకుని "పరిశీలిస్తాం" అన్నారు. మేం నినాదాలిచ్చి ఇళ్ళకెళ్ళిపోయాం. ఆ రాత్రి సంతోషంతో నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

ఏడాది తిరక్కుండా ఫంక్షన్ హాలు లేచింది. అందులో జరిగిన మొదటి పెళ్ళిళ్ళలో ఒకటి మా వీధివాళ్ళదే. నేనూ వెళ్ళి అక్షింతలు వేసి భోంచేసి వచ్చాను.

ఊరి పేరు ఎందుకులెండి. ఇలాంటి పార్కు, ఇలాంటి ధర్నా, ఇలాంటి కవిత మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాయి. నేను చెప్పదల్చుకున్నది ఆ తర్వాత జరిగిన సంగతి. ఉక్రోషం కొద్దీ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఆ తీర్మానం కాపీ తెప్పించుకున్నాను. చూస్తే మా ధర్నాకి నాలుగు నెలల ముందే కౌన్సిల్ దాన్ని ఆమోదించేసింది. ఆ రోజు ఎజెండాలో అరవైకి పైగా అంశాలున్నాయి, మా పార్కు నలభైల్లో ఎక్కడో ఉంది. దాని పక్కన రెండు ముక్కలు రాసున్నాయి. ప్రజల నుంచి అభ్యంతరాలు: ఏవీ రాలేదు. తీర్మానం: ఆమోదించడమైనది.

ఏవీ రాలేదు. ఎందుకంటే మాలో ఒక్కడు కూడా ఆ నోటీసు చూడలేదు. అది కార్పొరేషన్ నోటీసు బోర్డు మీద ఉందట, ఎవరూ చదవని ఒక చిన్న పేపర్లో కూడా వేశారట. అలా దాచిపెట్టినట్టు వెయ్యడం వాళ్ళ తప్పే, కాదనను. కానీ ఆ బోర్డు బస్టాండుకెళ్ళే దారిలోనే ఉంది. నేను రోజూ దాని ముందునుంచే పోతాను.

ఆ కాగితం పట్టుకుని మా కార్పొరేటర్ ఇంటికి వెళ్ళాను. అప్పటిదాకా ఆవిడ మొహం కూడా నాకు సరిగ్గా తెలీదు. మహిళలకి రిజర్వయిన వార్డు కదా, ధర్నాలో మేం డౌన్ డౌన్ అన్నది కూడా ఆవిడ భర్త పేరు మీదే. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి ఆవిడన్న మాటలు ఇవి: "ఎజెండా ముందురోజు రాత్రి ఇంటికి పంపుతారు సార్. అరవై అంశాలుంటాయి. నేను టెన్త్ చదివాను. ఏది ఏంటో చెప్పేవాళ్ళుండరు. ఆ హాలు కాంట్రాక్టరు మూడుసార్లు వచ్చి కూర్చున్నాడు, కాగితాలన్నీ చూపించాడు. మీ కాలనీ నుంచి ఓట్లప్పుడు తప్ప ఒక్కరు రాలేదు. పార్కు కావాలని పేపరోళ్ళకి చెప్పారు, కమిషనరు గారికి చెప్పారు. నాకెవరు చెప్పారు సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

*

ఈ వ్యాసం నాలాంటి వాళ్ళతో నేను పెట్టుకుంటున్న గొడవ. నాలాంటి వాళ్ళంటే కాస్త చదువుకుని, పుస్తకాలు చదివి, అన్యాయం చూస్తే రక్తం మరిగి, ప్లకార్డు మీద మంచి వాక్యం రాయగలిగిన పట్నం మనుషులం. మనకి ధర్నా అంటే ఇష్టం. కౌన్సిల్ మీటింగంటే చిరాకు. ఒకటి ఉద్యమం, రెండోది "పాలిటిక్స్". మొదటి దాంట్లో మనం కనిపిస్తాం, రెండో దాంట్లో కూర్చోవాలి. ఆ కూర్చోవడం మనవల్ల కాక కుర్చీ ఖాళీగా వదిలేశాం. కుర్చీ ఎక్కువసేపు ఖాళీగా ఉండదు. కాంట్రాక్టరు వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత కాంట్రాక్టరు మీద మళ్ళీ ధర్నా చేస్తున్నాం.

మన జ్ఞాపకం కూడా ఇలాగే తయారైంది. ప్రకాశం పంతులుగారు అనగానే తెలుగువాడికి కళ్ళముందు ఏం కనిపిస్తుంది? 1928 ఫిబ్రవరి, మద్రాసు, సైమన్ కమిషన్ బహిష్కరణ, తుపాకుల ముందు చొక్కా విప్పి చూపించిన ఛాతీ. అదే ప్రకాశం అంతకు పాతికేళ్ళ ముందు, ఇంకా బారిస్టరు కాకముందు, రాజమండ్రిలో ప్లీడరుగా ఉన్న రోజుల్లో ఆ ఊరి మునిసిపల్ ఛైర్మన్‌గా పనిచేశారు. ఊరి పన్నులూ కాలవలూ దీపాలూ చూసుకునే ఉద్యోగం. ఛాతీకి విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ కుర్చీ సంగతి ఎంతమందికి గుర్తుంది? నెహ్రూ అలహాబాదు మునిసిపాలిటీకి, వల్లభాయ్ పటేల్ అహ్మదాబాదు మునిసిపాలిటీకి అధ్యక్షులుగా చేశారన్నది కూడా క్విజ్ ప్రశ్నగా మిగిలింది తప్ప, వాళ్ళు పరిపాలన ఎక్కడ నేర్చుకున్నారన్న ప్రశ్నకి జవాబుగా మిగల్లేదు.

దీనికంటే పెద్ద ఉదాహరణ చీరాల-పేరాల. బడి పుస్తకంలో నాలుగు వాక్యాల్లో చదువుకున్నాం. మద్రాసు ప్రభుత్వం ఆ జంట గ్రామాల్ని మునిసిపాలిటీ చేసింది, పన్నులు దాదాపు పదింతలయ్యాయి, జనం కట్టమన్నారు. పన్ను కట్టనందుకు జైలుకి పోయినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశానికి వచ్చిన గాంధీ చీరాల కూడా వెళ్ళారు. మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవడం ఒక దారి అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం నిజంగానే ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయట పాకల్లోకి వెళ్ళిపోయారు. ఒకరిద్దరు కాదు, వేలమంది. దాదాపు పదకొండు నెలలు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే, మనకి నచ్చే కథే. ఊరు మొత్తం ధర్నాకి కూర్చున్న కథ. కానీ ఆ పదకొండు నెలలు వాళ్ళు పాకల్లో ఏం చేశారు? ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ప్రతినిధుల్ని ఎంచుకున్నారు. తగువులు తీర్చుకోవడానికి సొంత ఏర్పాటు చేసుకున్నారు. కాపలాకీ క్రమశిక్షణకీ దుగ్గిరాల రామదండు ఉండనే ఉంది. మునిసిపాలిటీ వద్దని బయటికొచ్చిన మనుషులు మొదట చేసిన పని మరో ఊరిని నడపడం. వాళ్ళ కోపం స్థానిక పాలన మీద కాదు, తమని అడక్కుండా తమ నెత్తిన పెట్టిన స్థానిక పాలన మీద. ఈ తేడా వాళ్ళకి తెలుసు.

చివరికి దుగ్గిరాలని అరెస్టు చేశారు, డబ్బు కరువైంది, వానలకీ ఎండలకీ పాకలు ఆగలేదు. జనం తిరిగి ఇళ్ళకి చేరారు. ఓడిపోయారని అనుకోవచ్చు. నాకు మాత్రం మన చరిత్రలో అంతకన్నా పెద్ద పౌరశాస్త్రం పాఠం కనిపించదు. ధర్నా కూడా చేశారు, ఊరు కూడా నడిపారు. మనం మొదటి సగం ఉంచుకుని రెండో సగం పారేశాం.

*

పారేసినందుకు ఏమైందో విశాఖపట్నంలో చూడండి. ఉద్యమాల ఊరు కదా అది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ప్రాణాలిచ్చిన ఉద్యమం. మళ్ళీ 2021లో ప్రైవేటీకరణ అనగానే రోడ్డెక్కిన ఉద్యమం. రెండూ న్యాయమైనవే. కానీ మధ్యలో ఒక విషయం జరిగింది. 2012 ఫిబ్రవరిలో ఆ నగరపాలక సంస్థ కౌన్సిల్ గడువు అయిపోయింది. మళ్ళీ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు. ఆంధ్రలో అతి పెద్ద నగరానికి తొమ్మిదేళ్ళపాటు మేయరు లేడు, కార్పొరేటరు లేడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి చెట్లన్నీ పడగొట్టిపోయినప్పుడు వార్డులో ఎవరి తలుపు తట్టాలో జనానికి తెలీదు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో ఊరి పేరు వచ్చినప్పుడు ఏది స్మార్టో ఏది కాదో నిర్ణయించింది కూడా ఎన్నికైన మనుషులు కారు. పాలకమండలి గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో 243-యు అధికరణం చెబుతోంది. 1993 నుంచీ అమల్లో ఉన్న మాట అది.

ఈ తొమ్మిదేళ్ళ మీద మీరు చదివిన కవిత ఒక్కటి చెప్పండి. పాట? కథ? నాకైతే ఒక్కటీ గుర్తు రావడం లేదు. ఉక్కు మీద ఎన్నో గుర్తొస్తాయి. ఎన్నిక జరక్కపోవడం మనకి అసలు అన్యాయంలా కనపడలేదు. అందులో నెత్తురు లేదు, నినాదానికి ప్రాస లేదు.

విశాఖ ఒక్కటే కాదు. బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళని అడగండి. అక్కడ 2020 సెప్టెంబరులో గడువు ముగిసిన కౌన్సిల్‌కి ఐదేళ్ళు గడిచినా ఎన్నిక జరగలేదు. గుంతల మీద మీమ్స్ మాత్రం రోజూ వస్తాయి. పోనీ ఎన్నిక జరిగిన చోట? 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగింది. అంతకు దాదాపు ఏడు వారాల ముందే ఊరు మునిగింది, పడవల మీద మనుషుల్ని తెచ్చారు. నాలాల కబ్జా మీద మనందరం పేజీలకి పేజీలు రాశాం. పోలింగు 46 శాతం చిల్లర. వరద మీద పోస్టు పెట్టినవాళ్ళంతా ఓటేసి ఉంటే ఆ లెక్క అలా ఉండేదా అని నాకు అనుమానం.

*

ఇప్పుడు మీరు నన్ను ఆపుతారు, ఆపాలి కూడా. "ధర్నాలు మానండి, భాగస్వాములు కండి" అనే మాట ఎవరి నోటినుంచి వస్తుందో నాకు తెలుసు. అధికారంలో ఉన్న ప్రతివాడికీ ఉద్యమం అంటే శాంతిభద్రతల సమస్య. తెలంగాణ వచ్చిందే ఉద్యమంతో. ఆ రాష్ట్రంలోనే 2017లో ఇందిరా పార్క్ దగ్గర ధర్నా చౌక్ ఎత్తేసి, నిరసనలు ఊరి బయట చేసుకోండన్నారు. 2018లో హైకోర్టు చెప్పాక గానీ అక్కడ మళ్ళీ టెంటు పడలేదు. అలాంటి వాళ్ళ పక్కన నన్ను నిలబెట్టకండి. ధర్నా చౌక్ ఉండాలి, ఊరి మధ్యలోనే ఉండాలి.

ఇంకో మాట. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రలో మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకి దిగారు, సంక్రాంతి దగ్గరపడేదాకా చేశారు. వీధుల్లో చెత్త పేరుకుంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "వీళ్ళు సరైన మార్గంలో అడగొచ్చు కదా" అన్నాడు. ఏది సరైన మార్గం? తెల్లారకముందే చీపురు పట్టే మనిషికి ఎజెండా కాపీ ఎవరిస్తారు? ఏ అధికారి అపాయింట్‌మెంట్ ఇస్తాడు? వాళ్ళకి ఉన్న ఒకే ఒక్క తలుపు సమ్మె. ఆ తలుపు తట్టడం కూడా పౌర భాగస్వామ్యమే, మనం చేసేదానికన్నా చాలా ఖరీదైన భాగస్వామ్యం. రోజు కూలి పోతుంది, ఉద్యోగం పోవచ్చు.

నా గొడవ వేరే తలుపులు ఉండీ తట్టని వాళ్ళతో. మనకి చదువుంది, ఫోనుంది, చట్టం చదివితే అర్థమవుతుంది, ఆఫీసులోకి వెళ్తే "కూర్చోండి సార్" అంటారు. ఇన్ని ఉన్నవాళ్ళం ఏమీ లేనివాళ్ళ ఆయుధాన్ని అరువు తెచ్చుకుని, ఆదివారం సాయంత్రం రెండు గంటలు వాడి, ఫోటో దిగి, ఇంటికొచ్చి పడుకుంటున్నాం. వాళ్ళ సమ్మెకీ మన ఆదివారానికీ ఒకే పేరు పెట్టడం నాకు సిగ్గుగా ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. "భాగస్వామ్యం అంటున్నావు, అది ఎక్కడుందయ్యా?" నిజమే, చాలావరకు లేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పి ముప్పై ఏళ్ళు దాటింది. తెలంగాణలో 2019 నాటి మునిసిపల్ చట్టం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు పెట్టమంది. యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. కాగితం మీద ముచ్చటగా ఉంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారో మీకు తెలుసా? ఆంధ్రలో 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్లు తొందరగా వస్తున్నాయి, మంచిదే. కానీ ఆ కౌంటరు ముందు నిలబడినప్పుడు నేను లబ్ధిదారుణ్ణి. నాకేం ఇవ్వాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. నన్ను అడిగేది నా వేలిముద్ర, నా అభిప్రాయం కాదు.

అంటే ఇప్పుడు పట్నం మనిషికి రెండు వేషాలే మిగిలాయి. చెయ్యి చాస్తే లబ్ధిదారు, పిడికిలి బిగిస్తే ఆందోళనకారుడు. మధ్యలో బల్లకి అటువైపు కుర్చీ లాక్కుని "ఈ పద్దు ఎందుకు ఇంత?" అని అడిగే మనిషి లేడు. కమిటీలు బొమ్మలే అంటే ఒప్పుకుంటాను. అయితే ఆ బొమ్మలకి ప్రాణం పొయ్యమని ధర్నా చేద్దాం రండి. వార్డు మీటింగు పెట్టమని, ఎజెండా వారం ముందు బయటపెట్టమని, గడువు దాటిన కౌన్సిల్‌కి ఎన్నిక జరపమని ధర్నా చేద్దాం. దానికి మీరు వస్తారా? ఎంతమంది వస్తారు? నా అనుమానమల్లా అక్కడే.

ఒకచోట ఇలా జరిగింది కూడా. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకి పైగా పంచాయతీలకీ మునిసిపాలిటీలకీ వదిలారు. ఏం చెయ్యాలో గ్రామసభల్లో, వార్డుసభల్లో చర్చించమన్నారు. ఆ సభల్ని నడపడం నేర్పించినవాళ్ళలో చాలామంది అంతకుముందు సైన్సు ఉద్యమంలో, అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా తిరిగినవాళ్ళే. ఉద్యమం అలవాటు వాళ్ళని మీటింగుకి పనికిరాకుండా చెయ్యలేదు. మనకి కూడా తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు అందులో చదువుకుని సారా పాటలు ఆపించారు. ఆ శక్తిని మనం తర్వాత ఏ వార్డుసభలో కూర్చోబెట్టాం?

*

మళ్ళీ మా కాలనీ. పార్కు పోయాక మేం ఐదుగురం మిగిలాం. నేను, అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన ఒక పిన్నిగారు, ఒక మెడికల్ షాపాయన, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు. కార్పొరేటరు గారు ఎజెండా వచ్చిన రాత్రే ఫోటో తీసి మాకు పంపుతారు. అరవై అంశాల్ని ఐదుగురం పంచుకుని చదువుతాం. మా వార్డుకి తగిలేవి ఏంటో ఆవిడకి పొద్దున్న ఏడింటికల్లా చెప్పాలి, పదిన్నరకి మీటింగు. మొదట్లో ఆ భాష మాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. "ధ్రువీకరణ నిమిత్తం" అంటే పని అప్పుడే అయిపోయిందని, ఇప్పుడు అడుగుతున్నది మర్యాదకేనని తెలియడానికి మాకు మూడు మీటింగులు పట్టింది. సాహిత్య విమర్శ రాసే నాకు ఇంత కఠినమైన వచనం ఎక్కడా తగల్లేదు.

పోయినేడాది ఎజెండాలో పక్క లేఅవుట్ ఖాళీ స్థలం వచ్చింది. ఈసారి షాపింగ్ కాంప్లెక్స్ అట. ఈసారి నోటీసు బోర్డు మీద ఉండగానే చూశాం. నలభై ఇళ్ళు తిరిగి సంతకాలు పెట్టించి, లేఅవుట్ ప్లాన్ కాపీ జతచేసి, అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకున్నాం. మీటింగు రోజు ఆవిడ లేచి నిలబడి ఆ కాగితం చదివారు. భర్త బయట కారులో కూర్చున్నాడట. అంశం వాయిదా పడింది.

వాయిదానే, రద్దు కాలేదు. మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకో పేరుతో, ఇంకో నంబరుతో రావచ్చు. వస్తే చదవడానికి మనుషులు కావాలి. అప్పటికీ వినకపోతే రోడ్డెక్కుతాం, డప్పు ఇంకా మెడికల్ షాపులోనే ఉంది. ఆ రోజు మీరొస్తారని నాకు తెలుసు, ఎప్పుడూ వస్తారు. నేనడిగేది అంతకు ముందురోజు రాత్రి గురించి. ఎజెండా తొమ్మిదింటికి వస్తుంది. అరవై అంశాలుంటాయి. మేం ఐదుగురమే ఉన్నాం.